ఇష్టముద్ర

భర్త మీద జోషితకు ఉన్న ఫిర్యాదు చిన్నదే. దేశంలో కోట్లాదిమంది బొటనవేళ్లలో వణుకు ఎంతుందో చెప్పగల మనిషి, తువ్వాలు భుజం మీదే వేసుకుని ఇల్లంతా వెతుకుతాడు. పెళ్లయిన కొత్తలో దాన్ని అమాయకత్వం అనుకుంది. కొన్నాళ్లకు మేధావి లక్షణం అనుకుంది. ఇప్పుడు ఏమీ అనుకోవడం మానేసి, భుజం మీది తువ్వాలు తీసి చేతికిస్తోంది. ఆయన కూడా ఏదో కొత్త తువ్వాలు దొరికినట్టే అందుకుంటాడు.

బయట మాత్రం ఆయన డాక్టర్ లోహిత్. 2074లో కాకినాడలో ఆ పేరు తెలియనివాళ్లు లేరు. సముద్రం రెండు వీధులు మింగి కొత్తగా కట్టిన గోడ దగ్గర ఆగిన ఊరు అది. కూరగాయల బండి తనంతట తనే వీధుల్లో తిరుగుతూ, రికార్డు చేసిన గొంతుతో వంకాయలని కేకేస్తూ, బేరం కూడా ఆడేది. కరెన్సీ నోటు చూడాలంటే పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్లాలి. బండికైనా, బంగారానికైనా, పక్కింటావిడ చీటీకైనా డబ్బు కట్టాలంటే వేలిపలక మీద బొటనవేలు పెట్టాల్సిందే. ఆ పలక లోపల ఉండేదే లోహిత్ కనిపెట్టిన బెదురుమాపని.

పూర్వం దొంగలు తాళాలు పగలగొట్టేవాళ్లు. తాళాలు గట్టిపడేసరికి మనుషుల్ని పగలగొట్టడం నేర్చుకున్నారు. పోలీసు గొంతుతోనో, జడ్జి గొంతుతోనో, సొంత మేనల్లుడి గొంతుతోనో ఫోన్ చేసి, హడలగొట్టి, ఆ మనిషి చేతనే తలుపు తీయించేవారు. పాస్‌వర్డు సరైనదే, వేలు సరైనదే, మనిషీ సరైన మనిషే. ఇక బ్యాంకు ఎవర్ని పట్టుకోవాలి? అప్పుడు లోహిత్ ఒక ప్రశ్న వేశాడు. వేలు ఎవరిదో చూస్తున్నాం సరే, అది ఏ స్థితిలో ఉందో ఎందుకు చూడకూడదు?

ఆ ప్రశ్నలోంచి పుట్టింది బెదురుమాపని. పల్స్ సెన్సార్ నాడిని చదువుతుంది. మాయిశ్చర్ సెన్సార్ చెమటను పట్టుకుంటుంది. మరొకటి కంటికి కనబడని సూక్ష్మకంపనాన్ని కొలుస్తుంది. ఈ మూడింటినీ యంత్రం బేస్‌లైన్‌తో పోల్చి చూస్తుంది. బేస్‌లైన్‌కు లోహిత్ పెట్టిన తెలుగు పేరు సహజరేఖ. అంటే ఏ ఒత్తిడీ లేకుండా నిమ్మళంగా ఉన్న మనిషి కొలత. రేఖ దాటితే పలక ఎర్రబడి చెల్లింపు ఆగిపోతుంది. దాటకపోతే పచ్చగా వెలిగి, ఆ చెల్లింపు మీద ఇష్టముద్ర పడుతుంది. ఈ మనిషి మనస్ఫూర్తిగా ఇచ్చాడని దాని అర్థం. ఇష్టముద్ర పడ్డ సొమ్ముకు బ్యాంకు పూచీ ఉండదని చట్టంలో ఒక ముక్క కూడా చేరింది. ఆ ముక్క ఎవరు చేర్పించారో వేరే చెప్పాలా.

కింది ఫ్లాట్‌లో ఉండే హారిక పిన్నిగారు జోషితకు వరసకు ఏమీ కారు. ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేసి రిటైరైన మనిషి, డెబ్బై దాటాయి, ఒక్కరే ఉంటారు. సముద్రపు గోడ పక్కనున్న తమ భవనాన్ని ఏడాదిలోగా ఖాళీ చేయాలని కార్పొరేషన్ చెప్పడంతో, సామర్లకోట వైపు మెరక మీద రెండు గదుల ఇల్లు మాట్లాడుకున్నారు. జీవితమంతా దాచినది దానికోసమే ఖాతాలో పెట్టుకున్నారు.

ఒక రోజు జోషిత మునక్కాడలివ్వడానికి కిందికి వెళ్లేసరికి తలుపు తీసే ఉంది. పిన్నిగారు తల కూడా దువ్వుకోకుండా నేలమీద కూర్చుని ఉన్నారు.

"పోయిందమ్మా జోషితా. మొత్తం పోయింది."

ముందు రోజు పొద్దున్నే గోడ తెర మీద నల్లకోటు వేసుకున్న జడ్జి ప్రత్యక్షమయ్యాడట. మీ పేరు మీద నకిలీ మందులు విదేశాలకు వెళ్లాయి, కదిలితే జైలు అన్నాడట. మధ్యాహ్నం దాకా కుర్చీలోంచి లేవనివ్వలేదు. మంచినీళ్లకు కూడా అనుమతి అడగాల్సి వచ్చింది. చివరికి విచారణ పూర్తయ్యేదాకా డబ్బంతా ప్రభుత్వ ఖాతాలో భద్రపరచమన్నాడు.

"ఈ చెయ్యి ఎంత వణికిందంటే రెండో చేత్తో పట్టుకుని పెట్టానమ్మా వేలు. పలక ఎర్రబడుతుంది, బతికిపోతాననుకున్నాను. ఎర్రబడు తల్లీ, ఎర్రబడు అని దణ్ణం పెట్టుకున్నాను. పచ్చగా వెలిగి కూర్చుంది."

జోషిత ఆవిణ్ణి వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లింది. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడు. ఏసీ పెంచాడు, కుర్చీలు వేయించాడు, డబ్బు మాత్రం రాదన్నాడు.

"ఇష్టముద్ర ఉందండి. మేడమ్‌గారు ఇష్టపడే ఇచ్చారని రికార్డు. ఏదైనా ఉంటే ఫిర్యాదుల మండలికి వెళ్లండి. ఏమీ అనుకోకండి గానీ, ఆడవాళ్లు తొందరగా నమ్మేస్తారండి."

ఆ మాట కొత్తది కాదు. బెదురుమాపని వచ్చాక మగవాళ్లు మోసపోవడం దాదాపు ఆగిపోయింది. ఆడవాళ్లు మోసపోవడం ఏమాత్రం తగ్గలేదు. పత్రికలు, నిపుణులు కలిసి కారణం కూడా తేల్చారు: ఆడవాళ్లకు అమాయకత్వం ఎక్కువ. దానికి విరుగుడుగా ప్రభుత్వం మహిళలకు చైతన్య తరగతులు నడిపింది. జోషిత కూడా ఒకదానికి వెళ్లి, ఎవర్నీ నమ్మకూడదని ఒక గంట విని, ఇచ్చిన సమోసా తిని వచ్చింది.

సాయంత్రం కాఫీ గ్లాసు ఇస్తూ అంది.

"మీ పలక తప్పు చెప్పింది."

"పలక చెప్పదు జోషీ, కొలుస్తుంది."

"అయితే తప్పు కొలిచింది. ఆవిడ రెండో చేత్తో పట్టుకుని వేలు పెట్టింది."

"వయసు. వేళ్లు వణుకుతాయి. దాన్ని యంత్రం తీసేసి చూస్తుంది." లోహిత్ కాఫీ చప్పరించాడు. "నీకు తెలీదు గానీ, చాలామంది ఆశపడే ఇస్తారు. ఇచ్చాక సిగ్గేసి, భయపడ్డామంటారు."

"పిన్నిగారికి దేనిమీద ఆశ? జైలు మీదా?"

ఆయన నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగాడు. "మీరు పెట్టిన ఫిర్యాదు గురువారం మండలి ముందుకొస్తోంది. పలకలు చేసే మా సంస్థ తరఫున మాట్లాడాల్సింది నేనే. ఒక్క ముద్ర తప్పని ఒప్పుకున్నానంటే, వేసిన ముద్రలన్నీ తిరగదోడతారు. నా జీవితమంతా పోసి కట్టింది అది. పక్కింటివాళ్ల కోసం కూల్చమంటావా?"

"పక్కింటివాళ్లు కాదు. కిందింటివాళ్లు."

"పాపమే. ఏదైనా సాయం చేద్దాంలే," అంటూ ఆయన తువ్వాలు వెతుక్కోవడానికి లేచాడు.

జోషిత డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివింది. మొగుడు చెప్పింది నిజమే కావచ్చు. కానీ సగం జనాభా మీద పనిచేసి మిగతా సగం మీద పనిచేయని యంత్రాన్ని చూస్తే, అనుమానించాల్సింది జనాభాను కాదని ఆ చదువులో మొదటి నెలే చెప్పారు. మర్నాడు ఆయన ల్యాబుకు వెళ్లాక పిన్నిగారిని పైకి పిలిచి, ఇంట్లో ఆయన గదిలోని బెదురుమాపని కన్సోల్ మీద, ఆవిడ రీడింగు చూడటానికి అనుమతిగా వేలు పెట్టించుకుంది. తరవాత తనే దాని ముందు కూర్చుని తన వేలు కూడా ఆనించింది.

"నమస్కారం జోషితగారు," అంది యంత్రం.

"నేను నీకు తెలుసా?"

"భలేవారే. మీరు నా మొదటి స్త్రీ నమూనా. ఇంటి పరీక్ష మీతోనే మొదలైంది."

ఆమెకు గుర్తొచ్చింది. ఒకప్పుడు లోహిత్ ఒక నమూనా పలక తెచ్చి వంటింటి గుమ్మం దగ్గర బిగించాడు. కొన్నాళ్లు ఏది కొన్నా దానిమీదే కొంది.

"ఆడవాళ్లకు వేరే పరీక్ష ఎందుకొచ్చింది?"

"మొదట అందరికీ ఒకే సహజరేఖ ఉండేది. మగవాళ్ల కొలతలతో తయారైంది. దానితో చూస్తే ఆడవాళ్ల చెల్లింపులు చాలావరకు ఎర్రబడ్డాయి. చీర కొన్నా ఎరుపే, పుట్టింటికి పంపినా ఎరుపే. నేను పని సరిగ్గా చేస్తున్నాననే అనుకున్నాను."

"వాళ్లేమనుకున్నారు?"

"వ్యాపారం ఆగిపోతుందనుకున్నారు. స్త్రీల శరీరతత్త్వం వేరు కాబట్టి వాళ్లకు వేరే రేఖ కావాలని తేల్చారు. బృందంలో నలుగురు శాస్త్రవేత్తలు. నలుగురూ తలా ఒక పలక ఇంటికి తీసుకెళ్లారు. సొంత ఇల్లు, పక్కన భర్త. స్త్రీకి అంతకంటే నిమ్మళమైన స్థితి ఉండదని నివేదికలో రాశారు. ఆ నాలుగిళ్ల సగటే నేటి స్త్రీల సహజరేఖ."

జోషిత కుర్చీ ముందుకు జరుపుకుంది. "హారికగారి ఆ రోజు బెదురు, ఇంటి పరీక్షలో నా బెదురు. రెండూ పక్కపక్కన పెట్టు."

"పెట్టాను. ఆవిడది మీదానికంటే రవ్వంత తక్కువ."

"నేనప్పుడు ఏం చేస్తున్నాను?"

"కుక్కరు కొంటున్నారు."

"కుక్కరుకు ఎవరైనా భయపడతారా?"

"కుక్కరుకు కాదు," అంది యంత్రం. "ఇంటి పరీక్షలో మాటలు కూడా రికార్డు చేశారు. వినిపించమంటారా?"

గదిలో లోహిత్ గొంతు పలికింది, పడుచు గొంతు, ఎంతో మెత్తగా. ఎంత? పాతదానికేమైంది? ఇప్పుడంత అవసరమా? సరే, కొనుక్కో, నేనేమన్నా వద్దన్నానా.

ఆయన ఆమెను ఒక్కనాడు కసిరింది లేదు. ఎవరికైనా చెప్పుకుందామన్నా చెప్పడానికి ఏమీ లేదు. ఇన్నేళ్లుగా ఆమె దాన్ని భయం అనుకోలేదు, సంసారం అనుకుంది. అంతవరకూ అయితే దిగమింగేదేమో. కానీ తన కడుపులోని ఆ బెదురును తీసి, దానికి నిమ్మళం అని పేరు పెట్టి, దేశంలోని ఆడవాళ్లందరినీ దానితో కొలిచారు. అంతకు మించి వణికితేనే అది భయమట. అంతకు తక్కువైతే ఇష్టమట. ఎంతమంది పిన్నిగార్లు ఎన్ని పలకలకు దణ్ణాలు పెట్టుకుని ఉంటారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

గురువారం మండలి గదిలో పిన్నిగారి తరఫు సాక్షిగా భార్య లోపలికి రావడం చూసి లోహిత్ లేచి నిలబడ్డాడు.

"నువ్వెందుకొచ్చావు?"

"పిన్నిగారికి తోడు," అంది జోషిత.

అధ్యక్షురాలు ప్రణవి రిటైరైన జడ్జి. ఆవిడ ముందు లోహిత్ చక్కగా మాట్లాడాడు. యంత్రానికి ఆడా మగా పక్షపాతం లేదన్నాడు. ముద్ర సక్రమమే అన్నాడు. పిన్నిగారు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు. ముద్ర నిలబడితే ఆవిడకు రెండు గదుల ఇల్లు లేదు, ఉన్న ఇల్లూ ఉండదు.

జోషిత తన వంతు రాగానే ఇంటి పరీక్ష సంగతి చెప్పి, బల్లమీది వేలిపలకకు మగవాళ్ల రేఖ పెట్టించమంది.

"మీరు ఒక్క క్షణం బయట ఉంటారా?" అని భర్తను అడిగింది.

ప్రణవి తల ఊపడంతో ఆయన బయటికి వెళ్లాడు. జోషిత పలక మీద కొనడానికి ఒక గొడుగు ఎంచుకుని వేలు పెట్టింది. పలక పచ్చగా వెలిగింది.

ఆయన్ని లోపలికి పిలిపించారు. జోషిత తన పక్కన నిలబడమని, ఇంకో గొడుగు ఎంచుకుని వేలు ఆనించింది.

"రెండు గొడుగులెందుకు?" అన్నాడు లోహిత్ అలవాటుగా.

పలక ఎర్రబడింది.

ఎవరూ నవ్వలేదు. లోహిత్ పలకను దగ్గరికి లాక్కుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒక్క రీడింగుతో ఏమీ తేలదు," అన్నాడు. శాస్త్రవేత్త కాబట్టి తనే మళ్లీ బయటికి వెళ్లాడు. జోషిత మళ్లీ వేలు పెట్టింది. పచ్చగా వెలిగింది. తనే లోపలికి వచ్చాడు. ఈసారి పెదవులు బిగించి, చేతులు వెనక్కి కట్టుకుని, కిక్కురుమనకుండా పక్కన నిలబడ్డాడు.

ఎర్రబడింది.

ఆయన ఆ ఎరుపుకేసి చాలాసేపు చూశాడు. తరవాత భార్య వేలికేసి చూశాడు. అది పైకి ఏమాత్రం వణకడం లేదు.

"చెప్పండి డాక్టర్‌గారూ," అంది ప్రణవి. "హారికగారి మీద పడ్డ ముద్ర ఉంచమంటారా, తీసేయమంటారా?"

లోహిత్ బల్లకేసి చూస్తూ ఏదో అన్నాడు.

"రికార్డుకు వినబడాలి."

ఆయన తలెత్తాడు. "తీసేయండి. ఆవిడది ఒక్కటే కాదు, ఆ రేఖ మీద వేసినవన్నీ తీసేయండి. యంత్రం సరిగ్గానే కొలిచింది. నా పక్కన నిలబడితే మా ఆవిడకు భయమని మొదటి రోజునుంచీ చెబుతూనే ఉంది. దానికి నిమ్మళం అని పేరు పెట్టింది నేను. తప్పు నాదే."