మూతపడ్డ ఫ్యాక్టరీల గంట

నాచారం దాటి మల్లాపూర్ దిక్కు పోయే తొవ్వల మూతపడ్డ దారం ఫ్యాక్టరీ ఒకటున్నది. పగటిపూట దాని గోడ నీడకు ఆటోలు ఆపుకుంటరు, నిలబడి చాయ్ తాగుతరు. చీకటి పడితే మాత్రం ఆ గోడ పొంటి పిట్ట కూడ నడవదు. సెకండ్ షిఫ్టు దిగినోళ్లు ఎంత అలిసిపోయినా చుట్టు తిరిగి పెద్ద రోడ్డు మీదికెల్లే పోతరు.

ఎందుకంటే... ఆ ఫ్యాక్టరీల గంట మోగుతది.

మిషన్లు ఎన్నడో పాత ఇనుముకు పోయినయి. షెడ్డుకు కరెంటు కోసేసిన్రు. లోపల గబ్బిలాలు తప్ప పనోడు లేడు. అయినా నడిరాత్రి — ఠంగ్... ఠంగ్... — వెనక జాగల తుప్పు రాలుకుంట వేలాడే రైలు పట్టా ముక్కను ఎవరో సుత్తెతోని కొడతరు.

ఎవరో ఏంది, హన్మయ్యే అంటరు అందరు. ఫ్యాక్టరీ నడిచిన కాలంల ఆయన వాచ్‌మన్. గంట గంటకు లేచి పట్టా కొట్టాలె. కొట్టినంక కదలకుండ నిలబడి చెవి పెట్టాలె. అవతలి ఫ్యాక్టరీ వాచ్‌మన్ జవాబుగ తన గంట కొడితేనే ఇద్దరు మేలుకున్నట్టు లెక్క. ఒకనాడు అట్ల చెవి పెట్టి నిలబడ్డోడు నిలబడ్డట్టే కూలిపోయిండు. పోయినోడు పోయిండు గని డ్యూటీ మాత్రం ఇడిస్తలేడని చెప్పుకునేటోళ్లు.

ఈ మాట నమ్మనోడు ఒక్కడే — సాంబయ్య.

హన్మయ్య చేతికింద పని నేర్చుకొని, ఆయన తర్వాత వాచ్‌మన్ అయిన ముసలాయన. గేటు పక్క గదిల కొడుకు, కోడలు ఉంటే, గది బయట నులక మంచం మీద తాను పండుకునేది. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

"గన్నేండ్ల సంది గీ మంచం మీదనే పంటున్న. ఒక్కనాడన్న నా చెవులల్ల వడలే. గంట లేదు, గాడిదగుడ్డు లేదు!"

"నువ్వు గుర్రు పెట్టి పంటవు మామా, నీకెట్ల వడతది?" అనేది కోడలు గౌతమి. గంట మోగంగనే ఆమె తలుపు గడియ పెట్టుకొని, నిండా దుప్పటి కప్పుకునేది. మొగడు లారీ మీద పోయిన రాత్రులైతే చెప్పే పనే లేదు. "అది సరే గని, పండుకునే ముందట జర కాళ్లు కడుక్కో. దుప్పటంత తుప్పు మరకలైతున్నయి."

"కడుక్కున్ననే తల్లీ!"

కడుక్కున్న మాట నిజమే. అయినా పొద్దున లేస్తే అరికాళ్లకు ఎర్రటి తుప్పు, పిక్కలల్ల నొప్పి. ముసలితనం అనుకునేది సాంబయ్య.

ఇట్లుండంగ, అట్టపెట్టెలు చేసే గిరిప్రసాద్ అనే ఆయన షెడ్డు కిరాయికి అడిగిండు. పనోళ్లను తెచ్చి చూపించిండు. వాళ్లు గంట ముచ్చట విని గేటు కాడికెల్లే వెనక్కి మళ్లిన్రు. ఈసారి గూడ కిరాయిదారుడు దొరకకపోతే షెడ్డు కూలగొట్టి జాగ అమ్ముతనన్నడు ఓనరు. షెడ్డు పోతే గేటు పోతది. గేటు పోతే గది పోతది. గది పోతే సాంబయ్య మంచం ఏ ఆకాశం కింద ఎయ్యాలె?

ముసలాయన చాయ్ బండి కాడ అందరి ముందట మీసం దువ్విండు. అదేమన్న మామూలు మీసమా! హన్మయ్యను చూసి, అచ్చం ఆయన తీరుగ పెంచుకున్న మీసం.

"దెయ్యం ఉన్నదని రుజువు చెయ్యిన్రి. ఈ మీసం తీపిచ్చుకుంట!"

ఆ మాట గౌతమి తమ్ముడు ఉపేందర్ చెవుల వడ్డది. ఉప్పల్‌ల సెల్‌ఫోన్లు బాగుచేసే పిలగాడు. మరునాడు పొద్దుగూకంగ ఒక చిన్న పాత కెమెరా జేబుల ఏసుకొని దిగిండు.

"గీ సబ్బుబిళ్లతోని దెయ్యాన్ని పడతవారా?" అన్నడు సాంబయ్య.

"దీని తాకత్ నీకు తెల్వదు మామా. కంపెనీవోళ్లు లోపల మస్తు పెట్టిన్రు గని, సగం పనులకు తాళమేసి అమ్మిన్రు. ఎవలో తెలివిగల్లోళ్లు కూసొని దీనికి వేరే ఫర్మ్‌వేర్, అంటే లోపలి ప్రోగ్రాం, రాసిన్రు. మెమరీ కార్డుల ఎక్కిస్తే తాళాలన్ని ఊడుతయి. రాత్రంత తనంతట తానే ఫొటోలు తీస్తది. ఒక్కొక్క ఫొటోకు నిమిషం దాక కన్ను మూయదు. చీకట్ల పిల్లికి గూడ అంత చూపుండదు."

"ఖరాబైతదేమో?"

"కార్డు తీస్తే ఎప్పటి లెక్కనే. ఇగో, కార్డు పక్కకు ఈ చిన్న లాకు చూడు. ఇది కిందికి గుంజి లాకు చేస్తేనే మన ఫర్మ్‌వేర్ లేస్తది."

"అంటే, తాళమేస్తే తాళం తెర్సుకుంటది?"

"అంతే మామా."

"దీనికంటే దెయ్యమే నయం. దాని లెక్క జర అర్థమైతది."

గోడ అవతలి వీధిదీపం వెలుతురు పట్టా ముక్క మీద సన్నగ పడేది. దానికెదురుంగ ఇనుప డ్రమ్ము మీద కెమెరా పెట్టి, పవర్ బ్యాంకు తగిలించి, ఉపేందర్, బావ లారీ మీద పోయిండు గన్క అక్క గదిలకు పోయి గడియేసుకున్నడు. సాంబయ్య మంచమెక్కిండు.

గాలి లేదు. కుక్కలు గూడ మొరుగుతలేవు...

ఠంగ్.

గదిల అక్కాతమ్ముళ్లు ఒకల చెయ్యి ఒకలు పట్టుకున్నరు. తలుపు తీద్దామని ఇద్దరిల ఎవ్వరూ అనలే.

తెల్లారినంక కెమెరా వెనక చిన్న తెర మీద ఒక్కొక్క ఫొటో జరుపుకుంట పోయిండు ఉపేందర్. గోడ... పట్టా... గోడ... పట్టా...

జరిపే వేలు ఆగిపోయింది.

పట్టా పక్కన ఒక మనిషి. తల మీదికెల్లి గొంగడి. మనిషి ఉన్నడు — లేడు. ఆయన ఛాతీలకెల్లి ఎనక గోడ ఇటుకలు కనవడుతున్నయి. గొంగడి నీడల మొఖం ఆనుతలేదు. మీసం మాత్రం... దువ్వి, కొసలు మెలేసి...

"హన్మన్న..." అన్నడు సాంబయ్య.

సక్కగ పోయి మంగలి దుకాణంల కూసున్నడు. మాటంటే మాటే. తిరిగొచ్చేటప్పుడు మూతికి తువ్వాల అడ్డం పెట్టుకొని వచ్చిండు. గౌతమి నవ్వు ఆపుకోనీకి గోడ దిక్కు తిరిగింది. తర్వాత పోబోయే గది దిక్కు చూసి, నవ్వు మర్చిపోయింది.

ఫొటో చూసిన గిరిప్రసాద్ మాత్రం పెదవి విరిచిండు. "ఒక్క ఫొటోతోని షెడ్డు ఇడిసిపెడతనా? ఈ రాత్రి గూడ పెట్టున్రి. పొద్దున నా కండ్లతోని చూస్త."

పెట్టిన్రు. ఆ రాత్రి గూడ గంట మోగింది.

పొద్దున నలుగురి తలలు ఆ చిన్న తెర మీదికి వంగినయి. గోడ... పట్టా... గోడ...

వచ్చిండు. అదే గొంగడి. అవే ఇటుకలు ఛాతీలకెల్లి. నిటారుగ నిలబడి, ఎవరి జవాబు కోసమో చెవి పెట్టి...

ఉపేందర్ బొమ్మను పెద్దగ చేసిండు. ఇంక పెద్దగ చేసిండు. తర్వాత మెల్లగ తలెత్తి సాంబయ్య మొఖం చూసిండు.

"మామా... సచ్చినోళ్లకు గూడ మంగలి దొరుకుతడా?"

దెయ్యానికి మీసం లేదు.

ముందుగాల గౌతమి చూపు మామ అరికాళ్ల మీదికి పోయింది. ఎర్రటి తుప్పు.

"నిద్రల నడుస్తున్నవా మామా నువ్వు?"

"నేనా? థూ! నేనైతే గోడెట్ల కనవడతది నాలకెల్లి?"

ఉపేందర్ తల కొట్టుకున్నడు. "నాదే తప్పు మామా, అప్పుడే తట్టాలె నాకు. కన్ను నిమిషం తెరిచుంటది గద. గోడ నిమిషమంత ఉన్నది. నువ్వు సగం సేపే నిలబడ్డవు. సగం మనిషివే వడ్డవు."

ఫ్యాక్టరీ మూతపడ్డ సంగతి సాంబయ్యకు తెలుసు గని, ఆయన కాళ్లకు ఎవ్వరూ చెప్పలే. అవి ఎప్పటి లెక్కనే లేచి, పట్టా కొట్టి, జవాబు కోసం నిలబడి, మంచం మీదికి వస్తున్నయి. ఊరంత విన్న గంట ఆయన ఒక్కనికే వినవడకపోవుడు అందుకే.

ముసలాయన బోడి మూతి తడుముకున్నడు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇట్లాంటోన్ని గేటు కాడ ఎవలుంచుకుంటరు?

గిరిప్రసాద్ పొట్ట పట్టుకొని నవ్వుతున్నడు. "డ్యూటీల నిద్రపోయే వాచ్‌మన్లను మస్తు మందిని చూసిన. నిద్రల డ్యూటీ చేసేటోన్ని ఇప్పుడే చూస్తున్న! తాతా, షెడ్డు నేను తీసుకుంటున్న. నువ్వు గేటు కాడికెల్లి కదిలితే ఊకోను."

అట్ల గది నిలిచింది. ఫొటోలు చూసినంక పనోళ్లు గూడ వచ్చిన్రు, వస్తపోత సాంబయ్యకు "నమస్తే హన్మన్నా" అని దండం పెట్టుకుంట. గౌతమి సుత్తెను బియ్యం డబ్బా ఎనక దాచి, తన మువ్వల పట్టీ ఒకటి రాత్రిపూట మామ కాలుకు కట్టుడు మొదలువెట్టింది. కాలు మంచం దిగితే చప్పుడుకు ఆమెకు మెలకువ రావాలె.

దిగలే. రోజులు గడిచినయి. గంట మాట అందరు మర్చిపోయిన్రు. మూతి మీద తెల్లటి మొలకలొచ్చినయి.

ఒక రాత్రి సాంబయ్యకు ఎందుకో మెలకువొచ్చింది. మువ్వలు మోగలే. కాలు మంచం మీదనే ఉన్నది, పట్టీ కాలుకే ఉన్నది. సుత్తె దాచిన గది గడియ ఏసే ఉన్నది. గాలి లేదు...

ఠంగ్.

ముసలాయన ఊపిరి బిగపట్టిండు. ఫ్యాక్టరీ మూతపడ్డంక ఆ గంట ఆయన చెవుల వడుడు అదే మొదలు. ఒక్క దెబ్బ కొట్టి... ఆగింది. ఎవరో జవాబు కోసం చెవి పెట్టి నిలబడ్డట్టు.

గొంగడి నిండా కప్పుకున్నడు సాంబయ్య.

పొద్దున చాయ్ ఇచ్చుకుంట గౌతమి అడిగింది. "మామా, రాత్రి నీకేమన్న వినవడ్డదా?"

సాంబయ్య చెయ్యి కొత్త మీసం మీదికి పోయింది. దాన్ని పదిలంగ ఒకపారి దువ్వుకున్నడు.

"ఏం వినవడలే" అన్నడు.