ఇరవై మందికి యాభై ఫిల్టర్లు

"ఇంకా! ఇంకా! ఇంకా! ఆపొద్దు!"

పేషెంటు ఊదడం ఆపేశాడు. స్క్రీను మీద కొండలా లేవాల్సిన గీత చతికిలబడింది.

"మళ్లీ ఫెయిలా?" అన్నాడు మూలన స్టూలు మీద కూర్చున్న, ఆస్పత్రి ఖర్చుల లెక్కలు చూసే కాస్టింగ్ ఆఫీసరు.

"కళ్లు కనిపిస్తున్నాయిగా!" టెక్నీషియన్ గొట్టం నుంచి తడిసిన ఫిల్టరు పీకి చెత్తబుట్టలో విసిరింది. తర్వాత పేషెంటు వైపు తిరిగి గొంతు తియ్యగా మార్చింది. "మామయ్యగారూ, అలిసిపోయారు. బయట అరగంట కూర్చుని రండి. మళ్లీ ఊదుదురుగాని."

బయటికి వెళ్లొస్తే కొత్త ఫిల్టరు పెట్టాల్సిందే. అదే ఆమె ప్రాణం తీస్తోంది.

ఊపిరితిత్తుల పరీక్షకి మనిషికొక ఫిల్టరు చాలు. ఈ గదిలో ఇరవై మందికి యాభై అవుతున్నాయి. సాయంత్రం నాలుగు లోపల కారణం తేలకపోతే గదికి తాళం వేస్తానని సూపరింటెండెంట్ మేడమ్ పొద్దునే తేల్చి చెప్పేసింది. తాళం పడితే ఈ పేషెంట్లంతా రెండు బస్సులు మారి ప్రైవేటు సెంటరుకి పోవాలి, అక్కడ మూడింతలు కట్టాలి. సగం మంది పరీక్షే మానేస్తారు. ఆమె రికార్డు రూములో దుమ్ము దులుపుకోవాలి.

కారణం కనిపెట్టడానికి వచ్చిన మహానుభావుడేమో తొమ్మిది రోజులుగా స్టూలు అరగదీస్తున్నాడు.

"ఇంకా నా మీదే అనుమానమా? ఫిల్టర్లు ఇంటికి పట్టుకెళ్లి టీ వడగట్టుకుంటున్నానా?"

"ఆ కోణం కూడా చూశాను. మీరు టీ తాగరు. కాఫీ. చక్కెర తక్కువ."

"నా చక్కెర సంగతి మీకెందుకండీ?"

అతను గబగబా నోట్‌బుక్కులోకి తల దూర్చేశాడు. "మెషిన్..."

"మెషిన్ బ్రహ్మాండంగా ఉంది. పొద్దున మూడు లీటర్ల సిరంజితో గాలి పంపి చెక్ చేశాను."

"తెలుసు. రోజూ చూస్తున్నానుగా."

"మెషిన్నా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకి నవ్వు రాబోయింది. తాళం గుర్తొచ్చి ఆగిపోయింది.

"ఒక్క సంగతి గమనించారా?" అన్నాడు అతను నోట్‌బుక్కు పేజీ తిప్పి. "పొద్దున మొదటి ఇద్దరూ ఎప్పుడూ చెరో ఫిల్టరుతోనే పాసవుతారు. పది దాటాక వచ్చినవాళ్లే కూలబడుతున్నారు."

"పది దాటాక గాలి అయిపోతుందా ఊళ్లో?"

అతను నవ్వలేదు. తలుపు తీసి, "పన్నెండో టోకెన్!" అని పిలిచాడు.

వచ్చిన పెద్దాయన్ని చూసి ఆమె తెల్లబోయింది. రిటైరైన బస్ కండక్టరు. నిన్న మొదటి టోకెన్ ఆయనదే. ముప్పై ఏళ్లు విజిల్ ఊదిన ఛాతీ, ఒక్క దెబ్బకి పాసైపోయాడు.

"మళ్లీ ఎందుకొచ్చారు మామయ్యగారూ?"

"నన్నడగకమ్మా. రమ్మన్నారు, వచ్చాను." ఆయన గొట్టం అందుకున్నాడు.

"గట్టిగా! ఇంకా! ఇంకా! ఇంకా!"

ఆయన మూడు సెకన్లకే దగ్గుతూ కుర్చీలో వాలిపోయాడు.

"నిన్న బస్సు ఇంజన్‌లా ఊదారే!"

"నిన్న రాగానే లోపలికి పిలిచావు తల్లీ. ఇవాళ గంటన్నర బయట కూర్చుని..."

"నాన్నా, చాలు!" అన్నాడు ఆఫీసరు.

ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "నాన్నా?"

"అవే ఊపిరితిత్తులు, అదే మెషిన్. టైము ఒక్కటే మార్చాను. దోషి దొరికిపోయారు."

"అందుకని ఇంకో ఫిల్టరు తగలేస్తారా? సరే, ఎవరా దోషి?"

"నాలుగింటికి చెబుతాను."

"ఇప్పుడే చెబితే నోరు అరిగిపోతుందా?"

"చెప్పలేను మేడమ్," అని అతను తండ్రిని పట్టుకుని బయటికి జారుకున్నాడు. ఆమె పళ్లు నూరుకుంటూ మిగిలింది.

నాలుగింటికి సూపరింటెండెంట్ మేడమ్ తాళంకప్పతో సహా వచ్చింది. ఆఫీసరు ఒకే ఒక్క కాగితం ఇచ్చాడు. పక్కన కండక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సీలింగ్ దాకా రాని ప్లైవుడ్ గోడ అవతల, మిగిలిన ఎనిమిది మంది టోకెన్లు పట్టుకుని కూర్చున్నారు.

"పరిష్కారం: వెయిటింగ్ కుర్చీలు మెట్ల అవతలికి జరపాలి," సూపరింటెండెంట్ పైకి చదివింది. "ఇంతేనా? 'దోషిని మార్చరాదు, ఏమాత్రం తగ్గించరాదు.' ఇదేం రాతయ్యా? దోషి పేరు దగ్గర ఖాళీ వదిలేశావేంటి?"

"రాస్తే ఆవిడ నాతో మాట్లాడరు మేడమ్."

"మాట్లాడకపోతే నీకేం?"

అతను నేల చూపులు చూశాడు. "తొమ్మిది రోజులుగా ఆ మాటలు వినడానికే పొద్దున లేస్తున్నాను. నా పని మూడో రోజే అయిపోయేది."

టెక్నీషియన్ ముఖం వేడెక్కింది. కోపమో ఇంకేదో తేల్చుకునే ఓపిక ఆమెకి లేదు.

"నిన్నటి నుంచీ నన్ను మామయ్యగారూ అనే పిలుస్తోంది," అన్నాడు కండక్టరు సూపరింటెండెంటుతో. "మా వైపు నుంచి అభ్యంతరం లేదండీ."

"అందర్నీ అలాగే పిలుస్తాను!" ఆమె ఆఫీసరు మీదికి తిరిగింది. "ఆరు రోజులు ఊరికే కూర్చున్నారా? ఇక్కడ నా గది పోతుంటే! చెప్పండి ఆ పేరు!"

"అది... అంటే..."

"నసగకండి! ఇంకా! ఇంకా! ఇంకా! ఆపొద్దు!"

గోడ అవతల నుంచి 'ఫూ...' మని పెద్ద గాలివాన లేచింది. ఎనిమిది మంది ఒక్కసారిగా, ఊపిరంతా కూడదీసుకుని ఊదుతున్నారు. ఊది ఊది దగ్గుతున్నారు. ఎవరిదో టోకెన్ ఎగిరి గుమ్మం ముందు పడింది.

"చూశావా తల్లీ," అన్నాడు కండక్టరు. "నువ్వు అలా చెబితే ఊదకుండా ఎవరం కూర్చోగలం? లోపలికి వచ్చేసరికి నేను పదిహేనుసార్లు ఊదేశాను."

అరగంట రెస్టు తీసుకోమని ఆమె పంపింది కూడా ఆ కుర్చీల్లోకే.

ఆమె చేత్తో నోరు మూసుకుంది. ఆఫీసరు భయంభయంగా పెన్ను తీసి, కాగితంలో ఖాళీ చోట వేలు పెట్టి చూపించాడు. ఆమె ఆ చోటుని చూసింది, అతని ఎర్రబడ్డ చెవుల్ని చూసింది. ఆస్పత్రి అంతా తనని మైకు మేడమ్ అని ఎందుకంటుందో మొదటిసారి తెలిసొచ్చింది.

ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారి గుసగుసగా మాట్లాడింది.

"రాసుకోండి... నా గొంతు."