మాస్ట్ తీగకు ఇంకో చుట్టు

“ఈ పని మీ వల్ల కాదని నాకు తెలుసు. పంపడానికి ఇంకెవరూ లేరు.”

మార్కాపురంలో పలకల దుకాణం వెనక గదిలో చీఫ్ చంద్రశేఖరరావు బ్రీఫింగ్ మొదలుపెట్టిన తీరు అది. ఏజెంట్ ఫణికుమార్‌కు ఒళ్లు మండింది.

కంభం చెరువులో ఒక విదేశీ ముఠా తెరచాప పడవ దింపింది. తెరచాప కట్టే దాని స్తంభంలో, అంటే మాస్ట్‌లో, యాంటెనా ఉంది. సాయంత్రం ఐదింటికి మన పన్నెండుమంది గూఢచారుల పేర్లు అందులోంచి దేశం దాటతాయి. నాలుగో పేరు రమ్యశ్రీ, ఫణికుమార్ సొంత చెల్లెలు. పేరు దాటితే ఆ పిల్ల తెల్లారేదాకా బతకదు.

ముఠా పిలిపించుకున్న మెకానిక్‌ను దారిలోనే పట్టుకున్నారు. అతని వేషంలో ఫణికుమార్ నాలుగున్నరకు పడవెక్కాడు. మాస్ట్‌ను నిలబెట్టే తీగలు వదులు చేసి దాన్ని పడగొట్టాలని ప్లాన్. మాస్ట్ పడగానే గట్టు మీద పోలీసులు కదులుతారు.

ప్లాన్ రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

“ఏంది ఫణీ, మెకానిక్ పని ఎప్పుడు నేర్చుకున్నావు?”

లీదియా. గిద్దలూరు పిల్ల, నిన్నమొన్నటిదాకా అతని డిపార్టుమెంటే. నల్లకళ్లద్దాలు, సిల్కు స్కార్ఫ్, చేతిలో పిస్తోలు. ఎంత అందమో అంత పాడుబుద్ధి.

“వచ్చినావు గదా, పని చెయ్యి. గాలికి మాస్ట్ ఊగుతాంది, సిగ్నల్ నిలవడంలేదు. తీగలు బిగించు. ఒక్క చుట్టు వదులు చేసినా కాల్చేస్తా.”

ఇక అయిపోయింది, చెల్లెలు పోయినట్టే అనుకున్నాడు ఫణికుమార్. ఏమీ తోచక, వేలి మెటికతో మాస్ట్‌ను తట్టాడు. తర్లుపాడు దగ్గర పలకల గనిలో అతని నాయన ప్రతి పలకనూ అట్లాగే తట్టి చూసేవాడు. మంచి పలక ఖంగుమంటుంది, లోపల చీలింది చప్పగా పలుకుతుంది.

కార్బన్ ఫైబర్ మాస్ట్ పైన ఖంగుమంది. నడుమెత్తున చప్పగా పలికింది.

కంటికి కనబడని చీలిక. తీగలు బిగించేకొద్దీ బరువంతా దాని మీదే పడుతుంది. స్పానర్ తీసుకుని తిప్పడం మొదలుపెట్టాడు.

“చాలా?”

“ఇంకా ఊగుతానే ఉంది. బిగించు.”

బిగించాడు. నాలుగూ యాభై ఐదు. మాస్ట్ మూలిగింది గానీ విరగలేదు.

“ఇప్పుడు?”

“ఇంకో చుట్టు.”

నాలుగూ యాభై తొమ్మిది. ముఠా మనిషి వేలు లాప్‌టాప్ మీదికి పోయింది. ఫణికుమార్ ఏడుపు ఆపుకుంటూ స్పానర్ మీద ఒళ్లంతా వేశాడు.

ఫట్‌మంది. మాస్ట్ నడుము దగ్గర విరిగి, యాంటెనాతో సహా నీళ్లలో పడింది. తెరచాప తగిలి లీదియా, ఆమె పిస్తోలు చెరువుపాలు. ఒక్క పేరూ దాటలేదు.

పోలీసులు వచ్చారు. ఎస్సై గిరిధర్‌కు ఏజెంట్ సంగతి ఎవరూ చెప్పలేదు. అందరితోపాటు ఫణికుమార్‌కూ బేడీలు పడ్డాయి.

“నువ్వేం పని చేస్తావు?”

నిజం చెప్పే అధికారం అతనికి లేదు. “మాస్ట్ బిగించడానికి వచ్చినాను సార్.”

ఎస్సై నీళ్లలో తేలుతున్న ముక్కలకేసి చూశాడు.

“బాగానే బిగించినావు.”