రాయిస్టన్ ఎందుకు ఇల్లు వదిలాడు?

అక్టోబరు, మంగళవారం ఉదయం 9:10. రాయిస్టన్ క్లెగ్ ఆ ఇంట్లో కనిపించక నాలుగు నెలలు.

అది అతని తల్లి చెప్పే మాట. పేరు చెప్పకుండా కౌన్సిల్‌కి ఫోన్ చేసిన ఒకావిడ మాత్రం, అతను రోజూ ఆ ఇంట్లోంచే బయటికొస్తున్నాడంది.

అద్దె సాయం ఇచ్చే థోర్న్‌క్లఫ్ కౌన్సిల్ ఇన్వెస్టిగేటర్ నెట్టా గార్‌సైడ్ తలుపు కొట్టింది.

కేసు సులువుగానే కనిపించింది. అద్దె సాయం అందుకునే ఇంట్లో సంపాదించే పెద్దవాళ్లు ఇంకెవరైనా ఉంటే, ఆ సాయంలో కోత పడుతుంది. ఆదాయం చూపకపోతే అన్నిటికన్నా పెద్ద కోత. గోడౌన్‌లో పనిచేసే రాయిస్టన్ పే స్లిప్పులు ఫైల్లో లేవు. వారానికి నూట ఇరవై పౌండ్లు కోశారు. అద్దె బకాయి పడింది. ఖాళీ చేయమని నోటీసు. కొడుకు మాయం.

"మీ అబ్బాయి ఎక్కడ?"

"లీడ్స్‌లో," అంది తల్లి విన్‌ఫ్రెడ్.

"అడ్రస్?"

"ఎనభై ఒకటి నాకు. నా వయసొచ్చాక నీకూ గుర్తుండదులే, అమ్మాయ్."

నెట్టా ఆమె వేళ్లు చూసింది. కీళ్లవాతంతో వంకర్లు పోయాయి. బల్ల మీద మందుల డబ్బా. వారం మొత్తానికీ మాత్రలు సర్ది ఉన్నాయి.

"ఇవెవరు సర్దారు?"

విన్‌ఫ్రెడ్ డబ్బాని పక్కకి జరిపింది.

"మీ మేజోళ్లెవరు తొడిగారు?"

వెనక తలుపు తెరుచుకుంది. పాల సీసాతో యాభై దాటిన మనిషి. మెడ ఒక పక్కకి పట్టేసి ఉంది.

"ఆమెనొదిలెయ్యండి. నేనింట్లో ఉంటే కోత పడుతోందని వ్యాన్‌లో పడుకుంటున్నా, జూన్ నుంచి. సూపర్‌మార్కెట్ కార్ పార్క్‌లో. పొద్దున్నే వచ్చి అమ్మకి స్నానం చేయించి, మధ్యాహ్నం షిఫ్టుకి పోతా."

"పే స్లిప్పులు పంపొచ్చుగా?"

"మూడుసార్లు పంపా! మూడుసార్లూ అందలేదన్నారు!"

"అమ్మగారి సంరక్షణకి సాయమేమీ అడగలేదా?"

"వస్తోందిగా," అంది విన్‌ఫ్రెడ్. "అటెండెన్స్ అలవెన్స్. నాలాగా తోడు లేనిదే గడవని ముసలాళ్లకిచ్చే డబ్బు. ఫిబ్రవరి నుంచి."

నెట్టా పెన్ను ఆగిపోయింది.

"ఉత్తరం చూపించండి."

9:40. కోత వేసిన అధికారి డెస్మండ్ హోల్ట్ ఫోన్ స్పీకర్లో ఉన్నాడు.

"డెస్మండ్, అద్దెదారుకి అటెండెన్స్ అలవెన్స్ వస్తుంటే కోత ఎంత?"

"అసలుండదు. ఇంట్లో ఎంతమంది సంపాదించినా సరే."

"క్లెగ్ ఫైల్ తెరువు. ఫిబ్రవరి పద్నాలుగు, అలవెన్స్ మంజూరు."

కీబోర్డు చప్పుడు.

"ఉంది... ఇంకో స్క్రీన్‌లో."

"అందరూ కొడుకు జీతం వెంటే పడ్డారు. తల్లికి ఏమొస్తోందో ఒక్కరూ చూడలేదు. నేనూ అంతే."

"నోటీసు ఆపిస్తా. కోసింది వెనక్కిస్తాం, ఆరు వారాలు పట్టొచ్చు. ఆవిడ ముందే చెప్పుంటే—"

"చెప్పా!" విన్‌ఫ్రెడ్ బల్ల మీద కొట్టింది. "నలభై నిమిషాలు ఫోన్లో మీ పాడు సంగీతం విని మరీ చెప్పా!"

రాయిస్టన్ చేతిలో పాల సీసా అలాగే ఉంది.

"అంటే ఇన్నాళ్లూ నేను ఇంట్లోనే ఉండొచ్చా?"

"ఉండొచ్చు," అంది నెట్టా.

అతను మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. "నిన్న పొద్దున వ్యాన్ అద్దానికి లోపలివైపే మంచు పేరుకుంది," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

"లేవరా," అంది తల్లి. "పైకెళ్లి నీ గదిలో హీటర్ వేసుకుని పడుకో. బిల్లు ఎంతైనా రానీ."

అతను పాల సీసా బల్ల మీద పెట్టి, మెట్లెక్కి తలుపు వేసుకున్నాడు.