ముగ్గురు రాజుల మొక్కు అన్నం

జనవరి ఆరో తారీకు. ఒబ్దులియా ఇంట్లో పొద్దున్నే ఎప్పటిలాగే కాఫీ కాగింది. తాగిన గ్లాసు కడిగి బోర్లించి, ఆమె పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద డేగిసా ఎక్కించింది. క్రిస్మస్ తర్వాత వచ్చే ముగ్గురు రాజుల పండగ. కొడుకు అన్సెల్మోకి నాలుగో ఏట విషజ్వరం వచ్చి తగ్గినప్పుడు ఆమె మొక్కుకుంది. ఏటా ఈ రోజు ఇంటింటికీ పాడుతూ వచ్చే పాటగాళ్లకి తన కొండమీద కాసిన పచ్చి కందులతో అన్నం పెడతానని. నలభై ఒక్క ఏళ్లుగా తప్పలేదు. విల్యాల్బా కొండల్లో ఆ అన్నానికి పేరుంది.

జాఫరా గింజలతో ఎర్రబడ్డ నూనెలో పంది మాంసం, పచ్చి మసాలా ముద్ద వేగాక కందులు, బియ్యం వేసి నీళ్లు పోసింది. నీళ్లు ఇగిరాక ఒక్కసారి అడుగునుంచి పైకి తిప్పి, అరటాకు కప్పి మూత పెట్టింది. రెండోసారి తిప్పితే ఆ అన్నం పాడవుతుంది. కర్ర గరిటె తుడిచి ఏప్రాను జేబులో పెట్టుకుంది. దాన్ని ఆమె ఎవరి చేతికీ ఇవ్వదు.

కోడలు నెరెయిదా గుమ్మంలో కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. సముద్రపుటొడ్డున ఉన్న లోయిసా ఊరినుంచి కాపురానికొచ్చి పదకొండేళ్లు. ఇంతవరకు ఆ డేగిసా ముట్టుకోలేదు.

కాసేపటికి ఒబ్దులియా లేచి, మూత తీసి, అన్నం తిప్పింది.

"అత్తమ్మా, ఇందాకే తిప్పారు కదా."

"నాకు నేర్పుతున్నావా? నువ్వు కాయలు ఒలుచుకో."

ఇంకాసేపటికి మళ్లీ తిప్పింది. నెరెయిదా తలెత్తి చూసి, మళ్లీ కాయలు ఒలుచుకుంది.

పదకొండింటికి పొరుగింటి మోన్సెరాతె పళ్లేలు తెచ్చింది. అన్సెల్మో బల్లలు వేసి వచ్చాడు. ఒబ్దులియా మూత తీసి గరిటె గుచ్చింది. గరిటె నిటారుగా నిలబడిపోయింది. అన్నమంతా గుజ్జు.

"పోనీలే వదినా, జావనుకుని తాగుతారు," అంది మోన్సెరాతె.

ఎవరూ నవ్వలేదు.

"ఎవరో తిప్పారు," అంది ఒబ్దులియా. "నేను తిప్పింది ఒక్కసారే. ఇది కోడలి పని. కొబ్బరిపాలు తాగి పెరిగినవాళ్లకి కొండమీది అన్నం ఏం తెలుస్తుంది?"

అన్సెల్మో పెళ్లాం మీదికి తిరిగాడు. "ఇవాళొక్కరోజు చేతులు ఊరుకోవా నీకు? రెండు గంటల్లో వాళ్లొస్తారు. మొక్కు తప్పితే అమ్మ తట్టుకుంటుందా?"

నెరెయిదా అత్త ముఖంలోకి చూసింది. అక్కడ కోపం కన్నా బెదురు ఎక్కువ కనిపించింది. పక్కన మోన్సెరాతె చెవులు రిక్కించుకుని ఉంది.

"నేనే తిప్పాను," అంది నెరెయిదా.

"దేంతో తిప్పావు?" అడిగింది ఒబ్దులియా.

నెరెయిదా చూపు గుజ్జులో నిలబడ్డ గరిటె మీదికి పోయింది. ఒబ్దులియా గుజ్జులోంచి గరిటె పీకి చూసుకుంది. పొద్దుట్నుంచి అది తన చేతినీ జేబునీ దాటలేదు. ఆమె మెల్లగా కట్టెల మోపు మీద కూర్చుంది. కళ్లు నిండాయి, తుడుచుకోలేదు.

"దాన్నేమీ అనకు అన్సెల్మో. తిప్పింది నేనే. ఎన్నిసార్లో కూడా గుర్తులేదు. నా పరువు కోసం అది నింద నెత్తినేసుకుంది. మోన్సెరాతె, నువ్వూ విను. ఊళ్ళో చెబితే ఇదే చెప్పు, ఇంకోటి కల్పించకు."

తర్వాత కోడలికి గరిటె అందించింది.

"చాటలో కందులున్నాయి. వండు."

"కొబ్బరిపాలు పోస్తేగానీ నా చేతికి కుదరదు, అత్తమ్మా."

ఒబ్దులియా మోపులోంచి రెండు కట్టెలు లాగి ఇచ్చింది.

"సరే, పోసుకో. తిప్పడానికి నేను లేస్తే కూర్చోబెట్టు."

ఆమె రెండుసార్లు లేచింది. రెండుసార్లూ నెరెయిదా భుజం పట్టి కూర్చోబెట్టింది.

పాటగాళ్లు ఒంటిగంటకి వచ్చారు. రాజుల పటం ముందు పాటలు పాడి భోజనాలకి కూర్చున్నారు. వాళ్లలో ముసలి క్రిస్పులో రెండు ముద్దలు తిని ఆగాడు.

"ఈ ఏడు రుచి మారింది ఒబ్దులియా. మొక్కు ఎవరికైనా అప్పజెప్పావా?"

నెరెయిదా తలవంచుకుంది. ఒబ్దులియా నడుం నిటారుగా చేసుకుని లేచింది.

"మొక్కు ఈ ఇంటిది. వండింది నెరెయిదా. ఇకనుంచి ఆవిడే వండుతుంది. బాగుందా లేదా, అది చెప్పు."

క్రిస్పులో పళ్లెం ఊడ్చినట్టు తిని, మళ్లీ పెట్టమని ఖాళీది చాచాడు.

"వరసలో నిలబడు," అంది ఒబ్దులియా. "నా కోడలి అన్నం కోసం నీ వెనక ఇంకా జనం ఉన్నారు."