బొంత అడుగు వైపు

మా తోడికోడలి చేతిలో ఏదో మహిమ ఉందని అందరూ అంటారు. నా చేతిలో లేదని ఎవరూ అనరు గానీ, అనకపోయినా నాకు వినబడుతుంది. ఆవిడ కుట్టిన బొంత కప్పుకుంటే చాలు, మా అత్తగారి దగ్గర్నుంచి ఎదురింటి డాక్టరు దాకా "అబ్బ, ఏం నిద్రండీ" అంటారు. పాతికేళ్లుగా వాళ్లందరికీ వండిపెట్టింది నేను. ఏం తిండండీ అని ఒక్కరూ అన్న పాపాన పోలేదు.

అదంతా దిగమింగుకున్నాను. కానీ కడుపుతో ఉన్న నా కూతురు నా పక్కనే కూర్చుని, "బిడ్డకి మొదటి బొంత పెద్దమ్మే కుట్టాలమ్మా" అన్నప్పుడు మాత్రం ఒళ్లు భగ్గుమంది. దాన్ని కన్నది నేను. పైకి మాత్రం "అలాగేలే" అని, మర్నాడే బొంతలు కుట్టే లాంగ్ ఆర్మ్ మిషన్ కోసం వెతకడం మొదలుపెట్టాను.

అదో మంచమంత చట్రం. పై గుడ్డ, మధ్యలో దూది, అడుగు గుడ్డ, మూడూ కలిపి దాని మీద బిగిస్తారు. మామూలు మిషన్‌లో గుడ్డ కదులుతుంది. దీంట్లో గుడ్డ కదలదు, మిషన్ తలకాయే పట్టాల మీద జారుతుంది. రెండు పిడులూ పట్టుకుని, పలక మీద గీసినట్టు పూలూ తీగలూ గీసుకుంటూ పోవడమే.

సంగతి తెలిసి తోడికోడలు తనే ఫోన్ చేసింది. ఆవిడ మంచిది కూడా, అదింకా మంట.

"చూడమ్మాయ్, పాతది కొంటే మెరుపు చూసి మోసపోకు. తల తోసి చూడు, ఎక్కడా పట్టెయ్యకూడదు. అడుగు దారం ఉండే బాబిన్ కేసు తీసి చూడు. ఓ ముక్క కుట్టి తిప్పి చూడు. దీంతో చిక్కేమిటంటే కుడుతున్నప్పుడు అడుగు వైపు మనకి కనబడదు. వరుస వరుసకీ కింద దూరి చూసుకోవాలి."

"అలాగే అక్కా" అన్నాను. అందులో ఒక్కటీ చెయ్యలేదు. ఓ ముసలాయన ఇంట్లో ఉన్న మిషన్ కొన్నాను. దాని చెయ్యి మా తోడికోడలి మిషన్ చెయ్యి కంటే జానెడు పొడుగు. నేను చూసుకున్నది అదొక్కటే.

అది ఆయన చనిపోయిన భార్యదట. ఆ గదిలో నూనె వాసన, దాని వెనకాల తడి జుట్టు వాసన. ఆయన గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదమ్మా. మనవరాలి కోసం కుడుతూ కుడుతూనే పోయింది. అది పూర్తికాకముందే పిల్లకి మా వియ్యపురాలు కుట్టిన బొంత కప్పారు. చివరిదాకా అదే కుళ్లు."

"అయ్యో" అన్నాను. లోపల మాత్రం, ఆ పోయినావిడ నాకు బాగా తెలిసిన మనిషిలా అనిపించింది.

కొత్తవాళ్లకి మొదట్లో గీత వంకరపోతుందంటారు. నాకు పోలేదు. పిడులు పట్టుకుంటే చాలు, దారి తెలిసినట్టు తలకాయ తనే జారేది. నాకూ చెయ్యి ఉందని తెగ మురిసిపోయాను. కుట్టు ఆపినప్పుడల్లా బాబిన్ కేసు తీసి, నూలు పీచు బ్రష్‌తో దులిపి, ఒక్క చుక్క నూనె వెయ్యాలి. మొదటిసారి దులిపితే పీచుతో పాటు తెల్లవెంట్రుక వచ్చింది, మూరెడు పొడుగుది. నా జుట్టు భుజాలు దాటదు. పాత మిషన్ కదా, ఎక్కడో ఇరుక్కుని ఉంటుందిలే అనుకున్నాను. మర్నాడు ఇంకోటి వచ్చింది. ఆ తర్వాత రోజూ వస్తూనే ఉంది. అలవాటైపోయి పట్టించుకోవడం మానేశాను.

ఓ సాయంత్రం ముసురు పట్టి ఉంది. అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. మా ఆయన, అల్లుడు కలిసి ఆస్పత్రికి తీసుకెళ్లారు. నేను వెళ్లలేదు. బొంత ఇంకా చట్రం మీదే ఉంది మరి. ఉత్త చేతులతో వెళ్లి తోడికోడలి పక్కన నిలబడమంటారా?

కాసేపటికి మా ఆయన ఫోన్. "వస్తున్నావా లేదా? వదిన వచ్చేసింది. బొంత కూడా తెచ్చింది."

ఫోన్ పెట్టేసి, మళ్లీ కుట్టడం మొదలెడుతూ పైకే అన్నాను. "ఆ బిడ్డకి ఆవిడ బొంతలో కునుకు పట్టకూడదు. నా దాంట్లోనే పడుకోవాలి."

కరెంటు పోయింది.

మిషన్ ఆగింది. కిటికీ మీద వాన చప్పుడొక్కటే. గదిలో తడి జుట్టు వాసన మెల్లగా లేచింది... నేను పిడులు వదిలేశాను. చీకట్లో పట్టాల మీద ఏదో జారింది. టక్... సూది దిగింది. టక్... టక్... మళ్లీ దిగింది.

కరెంటు లేదు. నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి.

చట్రం కింద ఎవరో దారం లాగుతున్నారు. సర్రున... మళ్లీ సర్రున... నా పాదాలకి వెంట్రుకలు తగిలాయి. తడిగా, చల్లగా. కాళ్లు పైకి లాక్కున్నాను.

"పడుకుంటుంది" అంది కిందనుంచి ఓ గుసగుస. "మన దాంట్లోనే."

కరెంటు వచ్చేసరికి బొంత పూర్తయి ఉంది. చట్రం మీంచి విప్పి తిరగేశాను. పైనంతా నేను గీసిన పూలే. అడుగున పూలు లేవు. రెండు అరచేతులు ఉన్నాయి. ఒకటి తల పెట్టే చోట, ఒకటి వీపు ఆనే చోట, బిడ్డని ఎత్తుకున్నట్టు. బాబిన్‌లో నేను వేసింది గులాబీ దారం. ఆ చేతులు తెల్లగా మెరుస్తున్నాయి.

తగలబెట్టేద్దామనే అనుకున్నాను. అప్పుడే ఫోన్ మోగింది.

"పాప పుట్టింది" అన్నాడు మా ఆయన. "గుక్క ఆపట్లేదు. వదిన బొంతలో ఎంత జోకొట్టినా ఊరుకోవట్లేదు."

నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. బొంత మడిచి సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

దాని మీద పెట్టగానే పాప ఏడుపు ఆపి నిద్రపోయింది. అందరూ నా వంక చూశారు. తోడికోడలు మాత్రం అలవాటు కొద్దీ అంచు ఎత్తి అడుగు చూసింది. ముఖం పాలిపోయింది. నా చెవి దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "ఇది నువ్వే కుట్టావా?"

అప్పుడైనా కాదని చెప్పాల్సింది.

"నేనే అక్కా" అన్నాను.

ఇప్పుడు పాపకి నాలుగో నెల. నేనెత్తుకుంటే ఏడుస్తుంది. తల్లి ఎత్తుకున్నా అంతే. ఆ బొంత మీద పెడితే ఎవరితోనో ఊసులాడి నిద్రపోతుంది. తీసి దాచామా, ఊపిరాడనంత ఏడుపు. నా తోడికోడలి మీద ఇప్పుడు నాకు ఏ కోపమూ లేదు. నా కుళ్లంతా ఆ ముసల్దాని మీదే.

ఆ రోజు నుంచి మిషన్ ముట్టుకోలేదు. ప్లగ్గు పీకి దుప్పటి కప్పేశాను. వాడకపోతే తుప్పు పడుతుంది కదా అని, ఈ ఉదయం నూనె వెయ్యడానికి బాబిన్ కేసు తీశాను. పీచు లేదు. తెల్లవెంట్రుకా లేదు.

నల్లటి జుట్టు ఉంది. గోరంత కుచ్చు, పసిబిడ్డ జుట్టులా మెత్తగా. ముట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది.