చిలీలో చీకటి పడే వేళ

"పొద్దున పదింటికి నక్షత్రాలేంది మేడమ్? టైమ్ తప్పు వేసినట్టున్నారు. రాత్రి పదికి మార్చనా?"

కంప్యూటర్ ల్యాబ్ బాధ్యుడు ఆదిల్ నోట జెబా విన్న మొదటి మాట ఇది. అందులోని నవ్వు ఆమెకు ఏమాత్రం నచ్చలేదు.

"టెలిస్కోపు ఉన్నది చిలీ దేశపు కొండ మీదండీ, కోటప్పకొండ మీద కాదు. మనకు పొద్దున పదైతే అక్కడ అర్ధరాత్రి దాటుతుంది. లింకు ఇవ్వడం మీ పని. టైమ్ సంగతి నాకు వదిలేయండి."

"వదిలేశా మేడమ్. తిట్లు తినడానికైతే ఏ టైమైనా ఒకటే."

నరసరావుపేటలోని ఆ ప్రైవేటు డిగ్రీ కళాశాలలో జెబా భౌతికశాస్త్ర అధ్యాపకురాలు. దక్షిణార్ధగోళంలోని ఒక వేధశాల తన దూరదర్శినిని గంటల లెక్కన అద్దెకిస్తుందనీ, ఇక్కడి కంప్యూటరు ముందు కూర్చునే దానిని కోరిన నక్షత్రం వైపు తిప్పవచ్చుననీ చెప్పి ప్రిన్సిపాలును ఒప్పించినది ఆమే. జులై మాసంలో మన ఆకాశం నిండా మబ్బులే గనుక ఆ వాదన సులభంగా నెగ్గింది.

అయితే, పగటి వేళను కోరుకోవడానికి ఆమెకు మరొక కారణం ఉన్నది. జెబాకు రేచీకటి. పద్నాలుగవ యేట ఆమె ఆకాశంలోని నక్షత్రాలు ఒక్కొక్కటిగా మాయమై, ఏడాది తిరిగేసరికి చంద్రుడు తప్ప ఏమీ మిగలలేదు. చూపు పరిధి మునుముందు పగలు కూడా కుంచించుకుపోవచ్చుననీ, ఎప్పుడన్నది చెప్పలేమనీ గుంటూరు డాక్టరు అన్నాడు.

ఈ సంగతి తల్లి సైదాబీకి, తండ్రి అబ్దుల్ హమీద్‌కు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. చెప్పి చూసిన రెండు పెళ్ళి సంబంధాలవారు మళ్ళీ ఫోన్ చేయలేదు. "నిఖా అయ్యేదాకా నోరు తెరవబాకమ్మా," అని తల్లి ఆమె చేత ఒట్టు వేయించుకున్నది. అందుచేత జెబా సూర్యుడు దిగకముందే ఇల్లు చేరేది. తప్పనప్పుడు తల్లి చేయి పట్టుకుని నడిచేది.

దూరదర్శిని అద్దెకు దొరికిన మొదటి ఉదయాన ఆదిల్ సరిగ్గా పదింటికి లింకు కలిపాడు. కలుపుతూనే అన్నాడు.

"ఒకటి అడుగుతా, కోప్పడబాకండి. నిన్న సాయంత్రం స్టేషన్ రోడ్డులో మీరు అమ్మగారితో పోతుంటే సలాం చెప్పా. మీరు నా మొహంలోకి చూసి, గోడను చూసినట్టు చూసి వెళ్ళిపోయారు."

జెబా చూపు తెర మీదికి తిప్పుకున్నది. "ఏదో ఆలోచనలో ఉన్నాను."

"పోయిన వారం కూడానా?"

"అప్పుడు కూడా."

"పగలు తిడతారు, సాయంత్రం అసలు గుర్తే పట్టరు. ఈ రెంటిలో తిట్టే మనిషే నయం మేడమ్."

ఆమె నవ్వింది. నవ్వినందుకు భయపడింది. ఎందుకంటే ఆ నవ్వు మర్యాదకు నవ్వినది కాదని ఆమెకు తెలుసు.

ఆనాటి లక్ష్యం వృశ్చిక రాశిలోని ఒక జంట నక్షత్రం. ఒకదానిచుట్టూ ఒకటి తిరిగే ఆ రెండింటిలో ఒకటి రెండవదానికి అడ్డు వచ్చినప్పుడు వెలుగు తగ్గి మరల పెరుగుతుంది. ఆ తగ్గుదల ఏ నిమిషంలో జరిగిందో పట్టుకోవాలి. కానీ పావు గంట గడవకముందే కొండ మీది ఆపరేటరు సందేశం పంపాడు: మేఘాలు కమ్మినందున దూరదర్శిని మీది గోపురం మూసివేస్తున్నాము.

బదులుగా ఇచ్చిన సమయం ఆగస్టు మొదటి వారంలోనిది. చిలీలో అప్పుడే చీకటి పడే వేళ. మనకు తెల్లవారుజామున అయిదు గంటలు.

"ఇంకో టైమ్ లేదా?" జెబా గొంతు ఆమెకే వింతగా వినిపించింది.

"నక్షత్రం వెలుగు తగ్గేది ఆ పూటేనని మీరేగా చెప్పారు. లాగిన్ కాలేజీ లైన్ మీద తప్ప పనిచేయదు. అయిదింటికి లేవడానికేనా ఇంత భయం?"

పన్నెండుమంది విద్యార్థుల ప్రాజెక్టు దానిమీద ఆధారపడి ఉన్నది. కుదరదని చెప్పడానికి తగిన అబద్ధమొక్కటీ ఆమెకు దొరకలేదు.

ఆగస్టులో ఆ రోజు తెల్లవారుజామున నాలుగూ నలభైకి అబ్దుల్ హమీద్ ఆమెను స్కూటరు మీద కళాశాల గేటు దాకా తెచ్చాడు. ఆవరణలోని దీపాలన్నీ వెలుగుతున్నాయి. నడికుడి దగ్గర ఆగిపోయిన లారీని బాగుచేయడానికి ఆయన వెంటనే వెళ్ళవలసి ఉన్నది.

"లోపలిదాకా రానా బేటీ?"

"లైట్లున్నయ్ గదా అబ్బా. నువ్వెళ్ళు."

స్కూటరు చప్పుడు మలుపు తిరిగింది. ఆమె పది అడుగులు వేసింది. జల్లు మొదలైంది. ఒక్కసారిగా కరెంటు పోయింది.

లోకమంతా మూసుకుపోయింది. చీకటి అన్న మాట దానికి చాలదు. చీకటిలో ఇతరులకు ఏవో ఆకారాలుంటాయి. ఆమెకు ముందు, వెనుక అన్నవే లేకుండా పోయాయి. తన ఫోను దీపం వేసినా నేల తెలియదని ఆమెకు అనుభవమే. ఆవరణలో పైపుల కోసం తవ్విన గుంట ఒకటి పూడ్చకుండా వదిలారని నిన్న పగలు చూసింది. అది కుడివైపా, ఎడమవైపా?

"వచ్చారా మేడమ్?" వరండాలోంచి ఆదిల్ గొంతు. "కంప్యూటర్ యూపీఎస్ మీద నడుస్తుంది, ముప్పావు గంటే వస్తుంది. రండి, టైమ్ అవుతుంది."

"వస్తున్నా." ఆమె కదలలేదు.

"ఏంది, అక్కడే నిలబడ్డారు?"

"వాన... వాన చూస్తున్నా."

"ఈ చీకట్లోనా?"

ఆదిల్ మాట తీరు మారింది. ఆ మార్పులో నొచ్చుకోవడం స్పష్టంగా ఉన్నది.

"అర్థమైంది మేడమ్. వాచ్‌మన్ కూడా లేడు. నాతో ఒంటరిగా లోపల కూర్చోవడం మీకు ఇబ్బంది. తప్పులేదు. ఫోన్ లైటు వేసి మెట్టు మీద పెడుతున్నా. లింకు కలిపే ఉంది. నేను వెనక వైపు షెడ్డులో ఉంటా. మీరు లోపలికెళ్ళి పని చూసుకోండి."

ఒక తెల్లని చుక్క వెలిగింది. దానికీ ఆమెకూ మధ్య నేల ఉన్నదో, గుంట ఉన్నదో తెలియడం లేదు. అడుగుల చప్పుడు దూరమవుతున్నది. ఎంత మర్యాదస్థుడో అంత దూరం వెళ్తాడు.

అతడు వెళ్ళిపోతే అంతా భద్రం. నక్షత్రం పోతుంది, కానీ రహస్యం మిగులుతుంది. అతడు మాత్రం తనను గర్విష్ఠి అనుకుని మిగతా జన్మంతా మర్యాదగా తప్పుకుంటాడు. పిలిస్తే, మళ్ళీ ఫోన్ చేయని మూడవవాడు అవుతాడేమో!

"ఆదిల్ గారూ!"

అడుగులు ఆగాయి.

"వెళ్ళబాకండి. నాకు కనపడట్లేదు."

"కరెంటు పోయింది గదా, ఎవరికీ కనపడదు."

"అది కాదు. చీకట్లో నాకు ఎప్పుడూ కనపడదు. రేచీకటి. స్టేషన్ రోడ్డులో ఎవరో సలాం చెప్పారని తెలిసింది. అది మీరని తెలియలేదు. అడగడానికి భయమేసింది."

వాన చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. ఆ నిశ్శబ్దం ఆమెకు పాత పరిచయమే. పెద్దవాళ్ళ ఫోన్లలో రెండుసార్లు విన్నదే.

తరువాత అడుగులు వేగంగా దగ్గరయ్యాయి.

"కదలబాకండి! గుంట మీకు రెండడుగుల్లో ఉంది." ఏదో ఆమె వేళ్ళకు తగిలింది. "ఇదిగో గొడుగు, ఈ కొస పట్టుకోండి. నా మోచెయ్యైనా సరే. మీ ఇష్టం."

ఆమె గొడుగు కొస పట్టుకున్నది. అతడు "ఎడమకు", "నీళ్ళున్నయ్", "మెట్టు" అంటూ వెనక్కి వెనక్కి నడిచాడు. మూడవ మెట్టు దగ్గర ఆమె గొడుగు వదిలి మోచేయి పట్టుకున్నది. ఇద్దరిలో ఎవరూ దానిగురించి మాట్లాడలేదు.

తెర వెలుతురులో జెబా మళ్ళీ అధ్యాపకురాలయింది. నక్షత్రం దిక్కు తెలిపే అంకెలు చెప్పింది, అతడు యూపీఎస్ మీది మిగతా యంత్రాలన్నీ ఆపివేశాడు. భూమికి ఆవలివైపున గోపురం తెరుచుకున్నది. ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క చుక్క చొప్పున, నక్షత్రపు వెలుగును చూపే గీత కిందికి దిగసాగింది.

"ఇంకా దిగుతుందా?"

"దిగుతుంది."

"మళ్ళీ లేస్తదా మేడమ్?"

"లేవాలి." ఆమె కళ్ళు గీత మీదే ఉన్నాయి. "నేను లెక్క వేసిన సమయం సరైనదైతే లేవాలి."

అయిదూ ఇరవైరెండుకు గీత నిలిచింది. ఇరవైఆరుకు ఒక చుక్క పైకి లేచింది. దాని పక్కన మరొకటి. ఆదిల్ బల్ల మీద చరిచి, ఆ చప్పుడుకు తానే ఉలిక్కిపడ్డాడు.

యూపీఎస్ కూత పెట్టేసరికి పని ముగిసింది. కిటికీలో బూడిదరంగు వెలుగు వచ్చింది. జెబా అతని ముఖం చూడగలిగింది. చూడగానే మిగిలిన మాట కూడా చెప్పేయాలనిపించింది.

"ఇది ఇంతటితో ఆగకపోవచ్చు. పగటి చూపు కూడా తగ్గవచ్చు. పదేళ్ళకో, అంతకుముందో. మీ జాలి నాకు వద్దు."

"జాలి కాదు. భయంగా ఉంది."

"మీకెందుకు భయం?"

"నా మనిషి అనుకున్న వాళ్ళ గురించేగా భయపడతాం. ఇందాక ఆ గుంట చూసినప్పట్నుంచీ నా కాళ్ళు వణుకుతున్నయ్, చూడండి." అంటూనే అతడు ఫోన్ తీసి, స్పీకర్ మీద పెట్టి, మాచర్లలోని తల్లి ఫిర్దౌస్‌కు కలిపాడు.

"వద్దు!" జెబా లేచి నిలబడింది. అప్పటికే అవతల "ఏందిరా ఇంత పొద్దున? ఆ వద్దంటున్నదెవరు?" అన్న గొంతు వినిపించింది.

"అమ్మీ, జెబా అని చెప్పానే..."

"సలాం చెప్తే పలకదన్న పిల్లేగా?"

"ఆ పిల్లే. ఆమెకు చీకటి పడితే కళ్ళు కనపడవంట. ముందు ముందు పగలు కూడా తగ్గొచ్చంట. ఎవరో చెప్పి నీకు తెలియడం కన్నా నేనే చెబుదామని."

మళ్ళీ అదే నిశ్శబ్దం. జెబా కుర్చీ వీపును గట్టిగా పట్టుకున్నది.

"ఇప్పుడు పగలు బాగా కనపడతదా?"

"కనపడతది."

"నిన్ను పగలు చూసిందా?"

"రోజూ చూస్తది."

"చూసి కూడా నిఖాకు ఒప్పుకుందా?"

"ఇంకా అడగలేదమ్మీ."

"అడక్కుండానే నాకు ఫోనా! ఒరేయ్, ఆ పిల్లను ఎదురుగా నిలబెట్టుకుని ఈ మాటలా?" ఆవిడ గొంతు తగ్గింది. "కళ్ళ సంగతంటే నాకూ భయమేరా, లేదని చెప్పను. వాళ్ళమ్మ ఇన్నాళ్ళూ ఒక్కతే మోసింది ఈ భయం. నేను ఆమెతో మాట్లాడతా. నువ్వు ముందు పిల్లని అడుగు."

ఫోన్ పెట్టేసి ఆదిల్ తల గోక్కున్నాడు. "అడగమంటున్నారు."

జెబాకు తల్లి వేయించుకున్న ఒట్టు గుర్తుకు వచ్చింది. ఇంటికి వెళ్ళి ఆమె ముఖంలోకి చూడాలి. భయం ఎక్కడికీ పోలేదు. కాకపోతే ఇప్పుడది ఆమె ఒక్కతెది కాదు.

"ఇక్కడ కాదు. సాయంత్రం ఏడున్నరకు మా ఇంటికి రండి. అమ్మా అబ్బా ఉంటారు. వాళ్ళ ముందు అడగండి."

"ఏడున్నరకా?" ఆదిల్ తటపటాయించాడు. "అప్పటికి చీకటి పడతది గదా?"

"పడనివ్వండి."